కొరియన్ లిపికి, పదాలకు ఏ పుస్తకం, ఏ యాప్? ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
పెనుకొండ వైపు కార్ల విడిభాగాల కంపెనీలో చేరుతున్నాను. పైఅధికారుల్లో కొరియా వాళ్లు ఉంటారట. ఆరు నెలల్లో టోపిక్ అనే కొరియన్ భాషా పరీక్షలో ఒకటో లెవెల్ తెచ్చుకుంటే బాగుంటుందని చెప్పారు. ఆన్‌లైన్‌లో చూస్తే నెల రోజుల్లో వచ్చేస్తుందనే పుస్తకాల దగ్గర్నుంచి 2,000 పదాల పుస్తకాల దాకా ఉన్నాయి. ఫోన్‌లో ఇప్పటికే మూడు యాప్‌లు ఉన్నాయి. లిపికి ఒక పుస్తకం, పదాలకు ఇంకొకటి విడిగా కొనాలా? అక్షరం పక్కన తెలుగులో ఉచ్చారణ రాసుకుంటే తొందరగా వస్తుందా? రోజుకు గంట కేటాయించగలను. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1:
మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతానండీ, ఎక్కువమంది దెబ్బ తినేది అక్కడే. ఉచ్చారణ తెలుగులో రాసుకోకండి. కొరియన్‌లో కాఫీని ఏమంటారో, ముక్కులోంచి కారే రక్తాన్ని ఏమంటారో తెలుగులో రాస్తే రెండూ 'ఖొపి'యే అవుతాయి. కానీ కొరియన్‌లో వాటి మొదటి అచ్చులు వేరు. కాఫీలో పెదాలు గుండ్రం కావు, నోరు 'అ'కీ 'ఒ'కీ మధ్యలో తెరుచుకుంటుంది. రెండోదానిలో పెదాలు గుండ్రంగా ముందుకొస్తాయి. ఈ తేడా చూపించే గుర్తు మన గుణింతంలో లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నా ఇదే తంటా. ఆ స్పెల్లింగ్ చూసే మన పేపర్లు 'సియోల్' అని రాస్తాయి. అసలు ఉచ్చారణ 'సొ-ఉల్'కి దగ్గర, అదీ 'సొ' దగ్గర పెదాలు గుండ్రం చేయకుండా. (ఇక్కడ నేను తెలుగులో రాస్తున్నది మాట్లాడుకోవడానికి మాత్రమే, మీ నోటుబుక్‌లోకి ఎక్కించకండి.)

లిపికి విడిగా పుస్తకం అక్కర్లేదు. మంచి పాఠ్యపుస్తకంలో మొదటి ఇరవై, ముప్పై పేజీలు హంగుల్‌కే, అంటే కొరియన్ లిపికే ఉంటాయి, అవి చాలు. 14 హల్లులు, 10 అచ్చులు మూలం. జంట అక్షరాలు, కలయిక అచ్చులు కలిపితే 40. ఈ నలభైనీ మొదటి పేజీలోనే ఒక పట్టికగా పెట్టి బట్టీ కొట్టమనే పుస్తకమైతే వదిలేయండి. సెజోంగ్ రాజు 1443లో ఈ లిపిని తయారుచేసి 1446లో ప్రకటించినప్పుడు అక్షరాల ఆకారాలకు ఒక లెక్క పెట్టాడు. 'న' పలికేటప్పుడు నాలుక కొన పైకి లేచే వంపే నిఉన్ అక్షరం. దాని పైన ఒక గీత చేరిస్తే తిగుత్ (త), లోపల ఇంకో గీత చేరిస్తే థిఉత్ (థ). 'మ' అక్షరం మూసిన నోరు, చిన్న చతురస్రం. ఈ వరసలో చెప్పే పుస్తకంతో అయితే రెండు మూడు రోజుల్లో హల్లులు చేతికొస్తాయి.

మనకు కలిసొచ్చేవి రెండున్నాయి. ఒకటి, హల్లుకు అచ్చు తగిలించి ఒకే ముద్దగా రాయడం మనకు గుణింతంతోనే అలవాటు. రెండోది హల్లుల్లోని మూడు రకాలు. చందమామ, నాటకాల వాళ్లు ముఖానికి పెట్టుకునే మాస్కు, కూతురు అనే మూడు మాటలకూ మొదటి హల్లు ఒక్కటే తేడా, మిగతాదంతా 'అల్'. కూతురులోది బిగి హల్లు, అంటే మన 'తల'లోని త లాంటిది. ఇంగ్లీషు వాళ్ల కోసం రాసిన పుస్తకాలు దీన్ని పెద్ద గండంగా చూపించి పేజీలకు పేజీలు వివరిస్తాయి, మీరు కంగారు పడకండి. మాస్కులోది మన 'థ'. మనకు అసలు కష్టం చందమామలోదే. కొద్దిగా ఊపిరి వస్తుంది కానీ 'థ' అంత రాదు, గొంతు స్థాయి కిందికి దిగుతుంది. నోటికి అరచేయి అడ్డం పెట్టుకుని మూడూ పలికి చూడండి. కూతురుకి చేతికి గాలి తగలకూడదు, మాస్కుకి గట్టిగా తగలాలి. ఇది పుస్తకం చూసి వచ్చే విషయం కాదు. అందుకే ఆడియో లేని పుస్తకం ఎంత చవగ్గా దొరికినా కొనొద్దంటాను.

ఇంకో మెలిక: మామూలు హల్లు, అంటే చందమామలోది లాంటిది, మాట మొదట్లో క, త, ప లాగా, రెండు అచ్చుల మధ్య గ, ద, బ లాగా వినిపిస్తుంది. మాంసం అనే మాటలో ఒకే అక్షరం రెండుసార్లు వస్తుంది, పలికేది మాత్రం 'కొగి'. తమిళం చదవడం వచ్చినవాళ్లకు ఈ పద్ధతి పరిచయమే. అలాగే ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో డీ అక్షరం కనిపించిందని 'డ' అనకండి, అది త-ద వైపే. 'జ' వచ్చినచోట 'జనం'లోని జ పలకాలి, 'జడ'లోది కాదు.

కొనేముందు శాంపిల్ పేజీలు తెరిచి ఇవి చూడండి. హంగుల్ పాఠాలయ్యాక కూడా ఇంగ్లీషు ఉచ్చారణ ప్రతి మాట కిందా కొనసాగుతోందా? అలా ఉంటే కన్ను దాని మీదికే పోతుంది, హంగుల్ చదవడం ఎప్పటికీ వేగం అందుకోదు. ఆడియోలో ప్రతి పదమూ ఉందా, లేక సంభాషణలు మాత్రమేనా? అక్షరం కింద వచ్చే హల్లుకు, అంటే 'పచ్చిమ్'కు, విడిగా పాఠం ఉందా? ఈ పాఠం లేకుండా దాటేసే పుస్తకాలు చాలానే ఉన్నాయి. అక్కడ ఎన్ని రకాల హల్లులు రాసినా పలికేవి ఏడే: క, న, త, ల, మ, ప, ఙ. కొడవలి, పగలు, ముఖం అనే మూడు మాటలు మూడు వేర్వేరు హల్లులతో ముగుస్తాయి, కానీ విడిగా పలికితే మూడూ 'నత్'. వెనక అచ్చు వచ్చి చేరితే అసలు హల్లు బయటపడుతుంది. 'పగటిపూట' అన్నప్పుడు 'నజె' అవుతుంది.

రాయడానికి లెక్కల గడుల నోటుబుక్ తీసుకుని గడికి ఒక ముద్ద రాయండి. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి. అచ్చు నిలువు గీత అయితే హల్లుకు కుడిపక్కన, అడ్డ గీత అయితే కింద. అచ్చుతో మొదలయ్యే ముద్దకు ముందు సున్నా పెట్టాలి. అక్కడ దానికి శబ్దం లేదు, అదే సున్నా అడుగున వస్తే 'ఙ'. రోజుకు 40 నిమిషాలు కేటాయిస్తే మూల అక్షరాలకు నాలుగు రోజులు, జంటలకూ కలయికలకూ మూడు, పచ్చిమ్‌కు ఓ వారం పడుతుంది. చదవడం నెమ్మదిగా ఉందని అక్కడే ఆగిపోకండి, వేగం పదాలతోపాటే వస్తుంది.

జవాబు 2:
పదాల సంగతి నేను చెబుతాను. మొదటి రెండు లెవెళ్లకూ కలిపి పెట్టే పరీక్ష పేరు టోపిక్ ఒకటి. అందులో వినడానికి 30 ప్రశ్నలు 40 నిమిషాలు, చదవడానికి 40 ప్రశ్నలు 60 నిమిషాలు. మొత్తం 200 మార్కుల్లో 80 వస్తే ఒకటో లెవెల్, 140 వస్తే రెండో లెవెల్. ఒకటో లెవెల్‌కు దాదాపు 800 పదాలు కావాలి. రెండో లెవెల్‌కు 1,500 నుంచి 2,000. కాబట్టి 2,000 పదాల పుస్తకం ఇప్పుడే కొనక్కర్లేదు. కొరియా జాతీయ భాషా సంస్థ 2003లో నేర్చుకునేవాళ్ల కోసం 5,965 పదాలను మూడు శ్రేణులుగా చేసి జాబితా ఇచ్చింది. మొదటి శ్రేణిలో 982 పదాలున్నాయి, మీ ఆరు నెలల పని అదే. ఏ పదాల పుస్తకమైనా ఆ శ్రేణికి ఎంత దగ్గరగా ఉందో చూసుకోండి. పాఠాల కోసం కింగ్ సెజోంగ్ ఇన్‌స్టిట్యూట్ వారి ఆన్‌లైన్ కోర్సులు ఉచితం. టోపిక్ అధికారిక వెబ్‌సైట్‌లో కొన్ని పాత ప్రశ్నపత్రాలు ఆడియోతో సహా దొరుకుతాయి.

పళ్ల పేర్లు పన్నెండు, రంగుల పేర్లు పది అని గుంపులుగా ఇచ్చే పుస్తకాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ఒకే రోజు నేర్చుకుంటే మాత్రం ఒకదానికొకటి తగులుకుని కలగాపులగం అవుతాయి. ప్రతి పదానికీ ఒక చిన్న వాక్యం ఉన్న పుస్తకం తీసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: అర్థం ఇంగ్లీషులో కాకుండా తెలుగులో రాసుకోండి. ఉచ్చారణ తెలుగులో వద్దు, అర్థం తెలుగులో కావాలి. ఇంగ్లీషులో బట్టలకూ టోపీకీ చెప్పులకూ 'వేర్' ఒకటే. కొరియన్‌లో మూడు క్రియలు. మనం బట్టలు వేసుకుంటాం, టోపీ పెట్టుకుంటాం, చెప్పులు తొడుక్కుంటాం. కళ్లజోడు కూడా పెట్టుకుంటాం కదా, కొరియన్‌లోనూ టోపీకి వాడే 'స్సుదా'నే కళ్లజోడుకూ వాడతారు. 'కోల్డ్' అని రాసుకుంటే 'ఛుప్తా', 'ఛాగప్తా' కలిసిపోతాయి. మొదటిదానికి 'చలి', రెండోదానికి 'తాకితే చల్లన' అని రాసుకుంటే సరిపోతుంది. 'ఇత్తా'కు 'హ్యావ్' అనకుండా 'ఉండు' అని రాసుకోండి, 'నాకు పుస్తకం ఉంది' అన్న మన వాక్యం లాగే ఉంటుంది. అన్న, అక్క అన్నవి మాట్లాడేది మగవారైతే ఒక మాట, ఆడవారైతే వేరే మాట. తమ్ముడికీ చెల్లెలికీ కలిపి 'తొంగ్‌సెంగ్' ఒకటే. 'బ్రదర్', 'సిస్టర్' అని రాసుకుంటే ఇదంతా తలకిందులవుతుంది.

నాలుగైదు వందల పదాలు దాటాక చైనా మూలమున్న ముక్కలను గమనించండి. మనకు సంస్కృతం ఎలాగో కొరియన్‌కు చైనా మాటలు అలాగ. 'హక్' అంటే చదువు. 'హక్సెంగ్' విద్యార్థి, 'హక్క్యొ' బడి, 'పంగ్‌హక్' బడి సెలవులు, 'హగ్వొన్' ట్యూషన్ సెంటర్. 'విద్య' తెలిసినవాళ్లకు విద్యార్థి, విద్యాలయం అందినట్టే.

మళ్లీ ప్రశ్న:
చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలండీ. ఒక యాప్‌లో 5,000 పదాల కార్డులు రెడీమేడ్‌గా దొరికాయి, దించుకోనా? సీరియళ్లు చూసి మాటలు పట్టుకోవచ్చా? సమయం చెప్పడం అసలు అర్థం కావడం లేదు.

జవాబు 2:
దించుకోకండి. అందులో ఏ పదం ముందు వస్తుందో మీ చేతిలో ఉండదు. పైగా పాఠంలో చూడని పదం కార్డు మీద నిలవదు. ఆంకి అనే కార్డుల యాప్ వాడండి, ఆండ్రాయిడ్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఉచితం. మీ పాఠంలో వచ్చిన పదాలతో మీరే కార్డులు చేసుకోండి. ముందువైపు హంగుల్‌లో పదం, వాక్యం, ఆడియో. వెనకవైపు తెలుగు అర్థం. రోజుకు 20 కొత్త కార్డులని అందులో ముందే పెట్టి ఉంటుంది, దాన్ని 8 లేదా 10కి తగ్గించండి. పదేసి కొత్తవి వేస్తే కొన్ని వారాలకు రోజుకు 70 నుంచి 100 దాకా పాతవి తిరిగొస్తాయి. ఇరవై పెట్టుకున్నవాళ్లు నెలకల్లా మానేసేది ఇందుకే. రెండు రోజులు తప్పితే ముందు కొత్తవి ఆపి పాతవి పూర్తిచేయండి. ఒకే కార్డు 8 సార్లు తప్పితే యాప్ దానికి మొండి కార్డని గుర్తు వేస్తుంది. దాన్ని మళ్లీ తోయకుండా వేరే వాక్యంతో కొత్త కార్డు రాయండి. మిగతా యాప్‌లు తీసేయండి.

సీరియళ్లు చెవికి మంచివే, మాటలు మాత్రం అక్కడినుంచి ఆఫీసుకు తీసుకెళ్లకండి. వాటిలో ఎక్కువభాగం 'నువ్వు' స్థాయి మాటలు. మీ పుస్తకం 'యొ', 'మ్నిదా'తో ముగిసే మర్యాద రూపాలతో మొదలవ్వాలి. నిఘంటువులో 'మీరు' అని కనిపించే 'తంగ్‌సిన్' పైఅధికారి ముందు వాడితే తప్పుగా ధ్వనిస్తుంది. హోదా చెప్పి 'నిమ్' చేర్చండి, అది మన 'గారు' లాంటిది.

సమయానికి రెండు అంకెల వరసలూ కావాలి. గంటలకు దేశి అంకెలు, అంటే కొరియన్ వాళ్ల సొంత అంకెలు, నిమిషాలకు చైనా మూలం అంకెలు. మూడున్నర అంటే 'సె సి, సమ్‌సిప్ పున్'. ధరలు, తేదీలు, ఫోన్ నంబర్లు చైనా వరసలో. వస్తువుల లెక్క, మాటల్లో చెప్పే వయసు దేశి వరసలో. ఒకటి నుంచి వంద దాకా రెండూ పక్కపక్కన ఇచ్చి వదిలేసే పట్టిక పనికిరాదు. ధర ఒక పాఠం, సమయం ఒక పాఠంగా చెప్పే పుస్తకం చూడండి.

జవాబు 1:
కీబోర్డు కూడా మొదటి వారంలోనే వేసుకోండి. ఫోన్‌లో కొరియన్ చేర్చేటప్పుడు నాలుగైదు అమరికలు చూపిస్తుంది, వాటిలో 'తుబొల్సిక్' ఎంచుకోండి. హల్లులు ఎడమచేతి వైపు, అచ్చులు కుడిచేతి వైపు ఉంటాయి. బిగి హల్లుకు షిఫ్ట్ నొక్కాలి. విన్న పదాన్ని టైపు చేసి నిఘంటువులో వెతికితే దొరకడం లేదంటే చాలాసార్లు పచ్చిమ్ దగ్గరే తేడా వచ్చి ఉంటుంది. 'కుంగ్‌ముల్' అని వినిపించే చారు మాటలో రాసేది 'కుక్', 'ముల్'. వెనక 'మ' ఉండటంతో 'క' ముక్కుతో పలికే శబ్దమైంది. అలా దొరకని మాటలను నోటుబుక్ చివరి పేజీలో వినిపించినట్టు ఒకవైపు, రాసేది ఇంకోవైపు హంగుల్‌లోనే రాసిపెట్టుకోండి. ఓ ఇరవై మాటలు పోగయ్యాక ఇక్కడ పెట్టండి, ఏ మార్పు ఎందుకు వచ్చిందో ఒక్కొక్కటీ చూద్దాం.