అతుక్కుపోయిన పాత నెగెటివ్‌లు పాడవకుండా విడదీయడం ఎలా?

రిటైరయ్యాక తీరిక దొరికింది, 1970ల నాటి ఆబిడ్స్, కోఠి, సుల్తాన్ బజార్ ఫొటోలు స్కాన్ చేద్దామని కూర్చున్నా. 120 ఫిల్మ్, 6×6 సెం.మీ., బ్లాక్ అండ్ వైట్. ప్లాస్టిక్ కవర్లలో వానాకాలం తేమకి ఒకదానికొకటి అంటుకున్నాయి. లాగితే ఎమల్షన్ (బొమ్మ ఉండే పైపొర) ఊడొస్తోంది. మామూలువైతే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టొచ్చు. చిక్కంతా వెనిగర్ వాసన కొడుతున్న స్ట్రిప్పులతోనే. ఎసిటేట్ బేస్ (ఎమల్షన్ కింద ఉండే ప్లాస్టిక్ పొర) చివికి కుంచించుకుపోయి, పైన ఎమల్షన్ ముడతలు పడి లేచింది. వీటిని అసలు తడపొచ్చా? తడిపితే ఎంతసేపు? నీళ్లు వెచ్చగా ఉంటే ఎమల్షన్‌లోని జెలటిన్ మెత్తబడుతుంది, మన ఎండాకాలంలో కుళాయి నీళ్లే 30 డిగ్రీలు దాటతాయి, కాబట్టి ఐసు పెట్టి 20కి దించాలా? చివర్లో వెట్టింగ్ ఏజెంట్ (నీటి మరకలు పడకుండా వాడే ద్రవం) ఒక చుక్క కలపడం మంచిదేనా? స్కానింగ్ సంగతి నేను చూసుకుంటా; ట్రాన్స్‌పరెన్సీ యూనిట్ (ఫిల్మ్ గుండా వెలుగు పంపే భాగం) ఉన్న ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంది, 2400 డీపీఐ చాలు. చేత్తో చేసినవాళ్లు చెప్పగలరు.