మణికట్టు విరిగిన చలికాలంలో ట్రైయాథ్లాన్ సాధన: ఆగస్టు పోటీకి నేను సిద్ధం కాగలనా?

ప్రశ్న
రాసినవారు: బావి_ఈత (నేపర్‌విల్, ఇల్లినాయ్)

అందరికీ నమస్కారం. నా వయసు 41. ఆగస్టు చివర జరిగే షికాగో ట్రైయాథ్లాన్‌లో ఒలింపిక్ దూరానికి, అంటే 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగుకు పేరు నమోదు చేసుకున్నాను. నిరుడు అదే పోటీలో స్ప్రింట్ దూరం పూర్తి చేశాను కాబట్టి ఈసారి రెట్టింపు చేయగలనన్న నమ్మకంతోనే చలికాలంలోకి అడుగుపెట్టాను.

మూడింటిలో నాకు ధైర్యమిచ్చేది ఈత. నల్లగొండ జిల్లాలో మా తాతగారి వ్యవసాయ బావిలో, నడుముకు బెండ్లు కట్టుకుని నేర్చుకున్న ఈత అది. ఇక్కడికి వచ్చాక ఫ్రీస్టైల్‌లో ఊపిరి తీసుకునే పద్ధతిని మాత్రం మళ్లీ మొదటినుంచి దిద్దుకోవలసి వచ్చింది. ఇప్పుడు నా చేతిలోంచి జారిపోయింది సరిగ్గా ఆ ఈతే.

జనవరి మొదటి వారంలో తెల్లవారుజామున ఐదున్నరకు పరుగుకు బయలుదేరి, మా వాకిలి దాటి పదడుగులు కూడా వేయకముందే జారిపడ్డాను. నేల మీద మంచు ఏమీ కనిపించలేదు. వాన పడి వెలిసిన తారురోడ్డులా నల్లగా, తడిగా ఉంది. ముందురోజు మధ్యాహ్నం కరిగిన మంచు రాత్రికి మళ్లీ గడ్డకట్టి పలచని అద్దంలా పరుచుకుందని, దాని మీద కూర్చున్నాక తెలిసింది. పడేటప్పుడు కుడి అరచెయ్యి నేలకు ఆనించాను. దగ్గర్లోని అర్జెంట్ కేర్‌లో, అంటే అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్లే చిన్న ఆసుపత్రిలో, ఎక్స్‌రే తీసి, విరగలేదు, బెణికిందంతే అన్నారు. రెండు వారాలు గడిచినా బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన ఉండే చిన్న గుంటలో నొప్పి తగ్గకపోవడంతో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తే, రెండో ఎక్స్‌రేలో స్కేఫాయిడ్ అనే చిన్న ఎముకలో చీలిక కనిపించింది. ఎనిమిది వారాలు ప్లాస్టర్ కట్టు ఉంచాలన్నారు.

ఆ తరువాత జరిగిన తప్పు నాదే. ఈతకు పోవలసిన సమయమంతా ట్రెడ్‌మిల్‌కు పెట్టాను. వారానికి 20 కిలోమీటర్లు పరుగెత్తే మనిషిని మూడు వారాల్లో 45 కిలోమీటర్లకు వచ్చాను. ఇప్పుడు ఎడమ కాలికి మోకాలి కింద, ముందువైపు ఎముక లోపలి అంచున నొప్పి మొదలైంది. నిన్న మెట్లు దిగుతుంటే కూడా తెలిసింది.

పరుగు పూర్తిగా ఆపాలా, తగ్గిస్తే సరిపోతుందా? చేతికి ప్లాస్టర్ ఉండగా ఇంట్లో సైకిలు తొక్కడం ఎలా? కట్టు విప్పాక మిగిలే సమయం ఒలింపిక్ దూరానికి చాలుతుందా, లేక ఇప్పుడే స్ప్రింట్‌కు మార్చుకోవడం మంచిదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1
రాసినవారు: ఎముక_కండరం (టొరంటో)

నమస్కారమండి. నేను ఫిజియోథెరపిస్టును. మిమ్మల్ని చూడకుండా రోగం పేరు చెప్పలేను గానీ, మీరు ఇంట్లోనే చూసుకోదగిన ఒక తేడా ఉంది. కూర్చుని, ఆ ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో పైనుంచి కిందికి నెమ్మదిగా నొక్కుతూ రండి. నాలుగైదు వేళ్ల వెడల్పున, పొడుగ్గా అంతటా నొప్పి పరుచుకుని ఉంటే అది ఎక్కువగా షిన్ స్ప్లింట్స్ అని మనం పిలిచేదే, అంటే పరుగు ఎక్కువై ఎముక అంచు వెంట వచ్చే నొప్పే అవుతుంది. అలా కాక ఒక్క చోట, నాణెం పట్టేంత జాగాలో నొక్కగానే చివుక్కుమంటే, లేదా పడుకున్నప్పుడు, రాత్రివేళ కూడా నొప్పి ఉంటే, అది స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే పడిన భారానికి ఎముకలో వచ్చిన సన్నని చీలిక కావచ్చు. ఆ సందేహం ఉన్నంతవరకు ఒక్క కిలోమీటరు కూడా పరుగెత్తకండి, డాక్టరును అడిగి ఎంఆర్‌ఐ తీయించుకోండి. మీ మణికట్టు విషయంలో మొదటి ఎక్స్‌రే చీలికను చూపలేకపోయినట్టే, కాలి ఎముకలో కొత్తగా వచ్చిన చీలికను కూడా తొలి వారాల్లో ఎక్స్‌రే చాలాసార్లు చూపదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో కొత్త శ్రమకు అలవాటు పడతాయి. ఎముక అలా కాదు. దాని మీద బరువు పెరిగినప్పుడు శరీరం ముందు ఆ చోట పాత ఎముకను కరిగిస్తుంది, ఆ తరువాతే కొత్త ఎముకను కడుతుంది, ఆ కట్టుబడి పూర్తయి గట్టిపడడానికి నెలలు పడుతుంది. అంటే పరుగు పెంచిన మూడో నాలుగో వారంలో, మీకు ఆయాసం తగ్గి ఇంకా పరుగెత్తగలననిపించే సమయానికే, ఎముక తన బలహీనమైన దశలో ఉంటుంది. ఈతగాళ్లకు ఈ ప్రమాదం మరీ ఎక్కువని నా దగ్గరికి వచ్చేవారిని చూసి అనుకుంటాను, ఎందుకంటే వాళ్ల గుండె ముందే గట్టిపడి ఉంటుంది, కాళ్లు ఆ స్థాయికి ఇంకా చేరుకుని ఉండవు. మీకు జరిగింది అదే. ఈత పోతే ఆ గంటలను సైకిలుకు ఇవ్వాలి, లేదా విశ్రాంతికి ఇవ్వాలి, పరుగుకు మాత్రం ఇవ్వకూడదు.

నొప్పి పరుచుకున్న రకమే అయినా రెండు మూడు వారాలు పరుగు మానేయమనే చెబుతాను. ఆ సమయంలో గోడ పట్టుకుని ఒంటికాలి మీద మడమలు పైకెత్తే వ్యాయామం చేయండి. ఒకసారి మోకాలు నిటారుగా ఉంచి, ఇంకోసారి కొద్దిగా వంచి చేయాలి. వంచి చేసినప్పుడు పిక్కలో లోపలి కండరం పనిచేస్తుంది, పరుగులో ఎముక మీద పడే దెబ్బలో చాలాభాగం కాచేది అదే. నొప్పి లేకుండా పదిహేనేసి చొప్పున మూడుసార్లు చేయగలిగి, అరగంట వేగంగా నడిచినా మర్నాడు ఏమీ తెలియకపోతే, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మళ్లీ మొదలుపెట్టవచ్చు.

మణికట్టు గురించి ఒక మాట. స్కేఫాయిడ్‌కు రక్తప్రసరణ తక్కువ, అందుకే అతకడం ఆలస్యమవుతుంది. కట్టు విప్పిన రోజునే ఎముక అతికినట్టు అనుకోవద్దు, అతికిందని డాక్టరు స్కాన్ చూసి చెప్పేవరకు అరచేతి మీద బరువు వేయకండి. ఈతలో చేతికి పెట్టుకునే ప్యాడిల్స్ ఈ ఏడాది మరిచిపోండి.

సమాధానం 2
రాసినవారు: అరుగుమీద_సైకిలు (రోచెస్టర్, న్యూయార్క్)

పై సమాధానం తరువాత శరీరం గురించి చెప్పడానికి నాకేమీ మిగలలేదు కాబట్టి, సైకిలు ట్రైనర్ గురించి, అంటే సైకిలును కదలకుండా బిగించి ఇంట్లోనే తొక్కే స్టాండు గురించి మాత్రమే రాస్తాను. మా ఊళ్లో నవంబరు నుంచి మార్చి వరకు బయట సైకిలు తొక్కే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నేను ఆరు చలికాలాలు బేస్‌మెంట్‌లోనే తొక్కాను.

ప్లాస్టర్‌తో తొక్కవచ్చునా అని ముందు మీ డాక్టరును అడగండి. సరేనంటే, హ్యాండిల్ మీద ఏరోబార్లు (మోచేతులు ఆన్చడానికి మెత్తలున్న, ముందుకు చాచిన కడ్డీలు) బిగించుకుని, అరచేతి మీద కాకుండా మోచేతి కింది భాగం మెత్తల మీద ఆన్చి తొక్కండి. మీకు నడుము పట్టేస్తే నిటారుగా కూర్చుని, ఎడమ చేత్తో మాత్రమే పట్టుకుని తొక్కినా తప్పు లేదు, ట్రైనర్ మీద సైకిలు పక్కకు ఒరగదు కదా. అసలు ఇబ్బంది చెమటతో. లోపల గాలి కదలదు కాబట్టి పది నిమిషాల్లోనే ఒళ్లంతా కారుతుంది, ఆ చెమట ప్లాస్టర్ లోపలికి పోతే చర్మం ఒరుసుకుని పుండు పడుతుంది. పెద్ద ఫ్యాను ఒకటి ఛాతీకి ఎదురుగా, చిన్నది ఒకటి ఆ చేతికి ఎదురుగా పెట్టుకోండి. హ్యాండిల్ మీద తువ్వాలు కప్పండి. నేను మొదటి చలికాలం అది పట్టించుకోలేదు. వసంతంలో హ్యాండిల్ విప్పబోతే, బోల్టులు చెమట ఉప్పుకు తుప్పుపట్టి, రెంచితో ఎంత తిప్పినా కదలలేదు.

ఒక గంట ట్రైనర్ మీద తొక్కితే బయట గంటకంటే ఎక్కువ పని జరుగుతుంది, ఎందుకంటే కాళ్లు ఆపి జారే వాలు ఉండదు, ఎర్రదీపం దగ్గర ఆగడమూ ఉండదు. వారానికి నాలుగు రోజులు చాలు. మూడు రోజులు పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత తేలిగ్గా తొక్కండి. ఒక రోజు మాత్రం నాలుగైదు నిమిషాల గట్టి తొక్కుళ్లు, మధ్యలో అంతే విశ్రాంతి పెట్టుకోండి. ఇంట్లో తొక్కిన తొక్కుడు పోటీకి పనికొస్తుందా అన్న అనుమానం మీకుంటే, కెనడాలోని విండ్సర్‌లో ఉంటూ తన సాధనలో అధికభాగం ఇంటి లోపల ట్రైనర్ మీద, ట్రెడ్‌మిల్ మీద చేసిన లయనెల్ శాండర్స్ 2017లో హవాయి ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీలో రెండో స్థానంలో నిలిచాడని గుర్తుంచుకోండి.

స్ప్రింట్‌కు మారాలా అన్నదానికి నా జవాబు: ఇప్పుడు మారకండి. మార్చి మధ్యలో కట్టు విప్పితే ఆగస్టు చివరికి దాదాపు 23 వారాలు ఉంటాయి. జూన్ మొదటి వారంలో నొప్పి లేకుండా వారానికి మూడు పరుగులు, రెండు ఈతలు చేయగలుగుతున్నారో లేదో చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి. పోటీవారి నిబంధనల్లో దూరం మార్చుకునే ఆఖరి తేదీ ఎప్పుడో మాత్రం ఈ రోజే చూసి పెట్టుకోండి.

సమాధానం 3
రాసినవారు: మంచుదారి (మినియాపొలిస్)

మీరు అడగకపోయినా, జారిపడ్డాక బయటికి వెళ్లాలంటే భయం పట్టుకుని ఉంటుందని ఊహించి రాస్తున్నాను. నాకూ అలాగే జరిగింది, ఒక చలికాలమంతా గుమ్మం దాటలేదు. ఆ భయం పోయింది ధైర్యం వల్ల కాదు, పద్ధతి మారడం వల్ల.

చీకట్లో పరుగు మానేశాను. మీరు పడిన మంచు పగటి వెలుగులో, వాలుగా చూస్తే మెరుస్తూ కనిపిస్తుంది, తెల్లవారుజామున కనిపించదు. భోజన విరామంలో అరగంట పరుగెత్తితే ఎండ కూడా తగులుతుంది. బూట్లకు తొడుక్కునే ముళ్ల పట్టీలు కొనుక్కోండి. అడుగులు చిన్నవిగా, పాదం శరీరం కిందే పడేలా వేయండి. వంతెనల మీద నేల ముందుగా గడ్డకడుతుంది, అక్కడ నడవండి.

గాలికి ఎదురుగా మొదలుపెట్టి, గాలి వీపుకు తగిలేలా తిరిగి రావాలి. చెమట పట్టాక ఎదురుగాలిలో రావడం ప్రమాదం. ఒంటికి తగిలే బట్ట నూలుది కాకూడదు, అది చెమట పీల్చుకుని చల్లని తడిగుడ్డలా అంటుకుంటుంది. గుమ్మంలో నిలబడినప్పుడు కాస్త చలిగా అనిపిస్తేనే బట్టలు సరిపోయినట్టు లెక్క. ముక్కు, నోటి మీదుగా పలచని గుడ్డ కట్టుకుంటే పొడిగాలికి వచ్చే దగ్గు చాలావరకు తగ్గుతుంది. అమెరికా వాతావరణ శాఖ పట్టిక ప్రకారం సున్నా ఫారెన్‌హీట్‌లో, అంటే మైనస్ 18 డిగ్రీల సెల్సియస్‌లో, గంటకు 15 మైళ్ల గాలి వీస్తుంటే కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టిపోవచ్చు. అలాంటి రోజున ఇంట్లో ఉండడం సోమరితనం కాదండి.

సరస్సు ఈత గురించి తొందరపడకండి. వసంతం వచ్చాక కూడా మిషిగన్ సరస్సు చాలాకాలం గడ్డకట్టించేంత చల్లగా ఉంటుంది. ఎండలు ముదిరాక వెట్‌సూట్ (చల్లని నీటిలో ఒంటి వేడి నిలిపే రబ్బరు దుస్తులు) వేసుకుని, ఒంటరిగా కాకుండా, షికాగోలో చాలామంది ట్రైయాథ్లీట్లు సాధన చేసే ఒహాయో స్ట్రీట్ బీచ్‌లో మొదలుపెట్టండి.

సమాధానం 4
రాసినవారు: రాగిసంకటి (డల్లాస్)

ఒకే ఒక్క విషయం. మీరు శాకాహారులైతే, డాక్టరు దగ్గరికి ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి విటమిన్ డి, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు ఎంతున్నాయో చెప్పేది) పరీక్షలు చేయించుకోండి. షికాగో చలికాలపు ఎండలో మన ఒంటిరంగు వారికి విటమిన్ డి దాదాపుగా తయారు కాదు, అది తక్కువైతే ఎముకకు నష్టం. నెలసరి ఉండి, దూరాలు పరుగెత్తే స్త్రీలలో ఐరన్ నిల్వలు తరిగిపోవడం మామూలే. నేను ఏడాదిపాటు నా నీరసాన్ని బద్ధకమనుకుని నన్ను నేను తిట్టుకున్నాను. రక్తపరీక్షలో ఫెరిటిన్ బాగా తక్కువగా తేలింది. మందులు మాత్రం పరీక్ష చేయించుకున్నాకే, డాక్టరు చెప్పినంతే వేసుకోండి.

ప్రశ్న అడిగినవారి జవాబు
రాసినవారు: బావి_ఈత

ఏప్రిల్ మొదటి వారం. ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. ఫలితమేమిటో చూశాకే రాయాలనుకున్నాను.

బొటనవేలితో నొక్కి చూసుకున్న రోజున నొప్పి బెత్తెడు పొడుగునా ఉంది, ఒక్క చోట అని లేదు. అయినా డాక్టరుకు చూపించాను, చీలిక లేదని తేలింది. పరుగు మూడు వారాలు మానేశాను. అది నాకు చెయ్యి విరిగినదానికంటే కష్టమైంది, ఎందుకంటే ఆపింది నేనే. ట్రైనర్‌కు రెండు ఫ్యాన్లూ పెట్టాను. విటమిన్ డి తక్కువగానే ఉంది, మాత్రలు వాడుతున్నాను. ఇప్పుడు వారానికి మూడుసార్లు, మధ్యాహ్నాలు, నడక కలిపిన పరుగు 25 నిమిషాలు చేస్తున్నాను.

ప్లాస్టర్ విప్పిన రోజు నా చెయ్యి నాది కాదనిపించింది. చర్మం పొట్టులా లేచి ఉంది, ముంజేయి ఎంత సన్నబడిందంటే గడియారం పట్టీ రెండు రంధ్రాలు లోపలికి పెట్టుకోవలసి వచ్చింది. ఎముక అతికిందని స్కాన్‌లో చూసి చెప్పాక, పోయిన మంగళవారం పూల్‌కు వెళ్లాను. మా పూల్ 25 గజాలది, 1.5 కిలోమీటర్లంటే అందులో 66 నిడివులు. మొదట వెల్లకిలా పడుకుని, చేతులు ఒంటికి ఆన్చి, కాళ్లు మాత్రమే ఆడిస్తూ నాలుగు నిడివులు వెళ్లాను. తరువాత ఫ్రీస్టైల్‌లో నాలుగు. కుడి చెయ్యి నీటిని పట్టడం లేదు, వేళ్ల మధ్య నుంచి జారిపోతోంది, దాంతో ప్రతి నిడివిలోనూ కుడివైపుకు ఒరిగి, వరుసల మధ్య కట్టిన తాడుకు తగులుతున్నాను. ఎనిమిదో నిడివి దగ్గర ఆపేశాను, ఫిజియో గారు చెప్పిన మాట గుర్తుపెట్టుకునే ఆపాను.

దూరం మార్చుకునే ఆఖరి తేదీని క్యాలెండర్‌లో రాసి పెట్టుకున్నాను. జూన్ మొదటి ఆదివారం ఇక్కడే మళ్లీ రాస్తాను. ఈలోగా ఒక చిన్న ప్రశ్న: ఆ కుడిచేతి పట్టు తిరిగి రావడానికి ప్యాడిల్స్ లేకుండా, నీటిలో చేయదగిన అభ్యాసాలు ఎవరైనా చెప్పగలరా?