తక్కువ ధరలో తేలికైన ట్రైపాడ్ హెడ్ కావాలి, చిన్న బాల్ హెడ్ సరిపోతుందా?

ప్రశ్న:

నమస్కారం అండీ. నా ట్రైపాడ్‌తో పాటు మూడు హ్యాండిళ్లున్న పాన్-టిల్ట్ హెడ్ (కెమెరాని ఒక్కో దిశలో విడిగా తిప్పే పైభాగం) వచ్చింది. కాళ్లు బాగానే ఉన్నాయి కానీ హెడ్ ఒక్కటే 900 గ్రాముల దాకా ఉంది. కొండ ఎక్కేటప్పుడు అదే పెద్ద బరువు, పైగా ఆ హ్యాండిళ్లు బ్యాగులో ప్రతిదానికీ తగులుకుంటున్నాయి. మిర్రర్‌లెస్ కెమెరా, లెన్సు కలిపి 1.3 కిలోలు దాటవు. ఎక్కువగా ల్యాండ్‌స్కేప్, అప్పుడప్పుడు పూల మాక్రో (బాగా దగ్గరి నుంచి తీసే ఫోటోలు) తీస్తాను. బాల్ హెడ్‌లు (ఒకే బంతి మీద కెమెరాని ఎటైనా వంచే హెడ్‌లు) చూస్తుంటే బాగా చిన్నవాటి మీద కూడా 8 కిలోలు, 10 కిలోలు మోస్తుందని రాసి ఉంటోంది. నాకు అంత అవసరం లేదు కదా, అన్నిటికన్నా చిన్నది తీసుకుంటే ఏమైనా ఇబ్బందా? ఎక్కువ ఖర్చు పెట్టలేను, అలాగని కొన్నాక మళ్లీ ఇంకోటి కొనే పరిస్థితీ రాకూడదు.

జవాబు:

బాల్ హెడ్‌కి మారండి, మీ పనికి అదే సరైనది. కానీ మరీ చిన్నది వద్దండీ. ఆ కిలోల అంకె చూసి మాత్రం నిర్ణయించుకోకండి. దాన్ని ఒక్కో కంపెనీ ఒక్కోలా లెక్కగడుతుంది. చాలావరకు బరువు నిటారుగా పైన పెట్టినప్పటి మాట అది. మీరు ఫోటో తీసేటప్పుడు కెమెరా అలా ఉండదు. మాక్రో లెన్సు ముందుకి సాగి ఉంటుంది, దాన్ని కిందికి వంచుతారు, బరువంతా బంతికి ఒక పక్కకి పోయి దాన్ని తిప్పడానికి చూస్తుంది. దాన్ని ఆపగలిగేది బంతి చుట్టూ ఉన్న రాపిడి. బంతి పెద్దదైతే అదే బిగింపుకి ఎక్కువ పట్టు దొరుకుతుంది. 20 మిల్లీమీటర్ల బంతి ఉన్న హెడ్‌ని నాబ్ అరిగిపోయేలా తిప్పితే గానీ నిలవదు. మీ కెమెరాకి 30 నుంచి 36 మిల్లీమీటర్ల బంతి చూడండి. అలాంటివి 300, 400 గ్రాముల మధ్యే దొరుకుతాయి, అంటే ఇప్పుడున్న దాంట్లో సగం కూడా ఉండదు.

చవక హెడ్‌లలో అసలు ఇబ్బంది జారుడు. ఫ్రేమ్ కుదిరింది, బిగించారు, చెయ్యి తీశారు, పువ్వు మధ్యలో ఉండాల్సిన ఫోకస్ రేకు అంచుకి వెళ్లిపోయింది. ల్యాండ్‌స్కేప్‌లో ఇది కంటికి ఆనదు గానీ మాక్రోలో ప్రాణం తీస్తుంది. కొనేముందు మీ కెమెరా, మాక్రో లెన్సు తీసుకెళ్లి హెడ్ మీద పెట్టి, కిందికి వంచి బిగించండి. స్క్రీన్ మీద బాగా జూమ్ చేసి ఒక చుక్కని చూస్తూ చెయ్యి మెల్లగా వదలండి. చుక్క కాస్త కదిలి ఆగితే ఫర్వాలేదు, దాదాపు ప్రతి హెడ్‌లో కొంచెం ఉంటుంది. ఆగకుండా దిగిపోతూనే ఉంటే ఆ హెడ్ వద్దు. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు ఇచ్చే గడువులోపే ఈ పరీక్ష చేసేయండి.

తర్వాత నాబ్‌లు. బంతిని బిగించే నాబ్ కాక, టెన్షన్ (బంతి ఎంత బిగువుగా కదలాలో) సరిచేసుకునే నాబ్ విడిగా ఉంటే దానికి కాస్త ఎక్కువైనా పెట్టండి. అది లేకపోతే వదులు చేయగానే కెమెరా ధబీమని ఒక పక్కకి వాలిపోతుంది, వేళ్లు నలుగుతాయి. కింద గుండ్రంగా తిరగడానికి వేరే లాక్ కూడా ఉండాలి, పనోరమా తీసేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. హెడ్ మీద ఉండే బుడగ మట్టం, రంగు, కార్బన్ ముక్కలు, ఇవేవీ లెక్కలోకి తీసుకోకండి.

కెమెరా కింద బిగించి హెడ్‌లో పెట్టే ప్లేట్ మాత్రం ఆర్కా-స్విస్ రకానిదే (చాలా కంపెనీలు వాడే ఆకారం) ఉండాలి. కొన్ని కంపెనీలు సొంత ఆకారంలో ప్లేట్లు చేస్తాయి, అవి పోతే మళ్లీ అదే దొరికేదాకా హెడ్ పక్కన పడి ఉంటుంది. ఆర్కా రకం అయితే వేరే కంపెనీ ప్లేట్ కూడా పడుతుంది. అయితే వెడల్పులో వెంట్రుకవాసి తేడాలుంటాయి. ప్లేట్‌ని పట్టుకునే క్లాంప్ లీవర్‌తో నొక్కేదైతే ఆ తేడాని సర్దుకోలేక ఒక్కోసారి వదులుగా ఉంటుంది. వేర్వేరు ప్లేట్లు వాడేవాళ్లకి స్క్రూ నాబ్ ఉన్న క్లాంపే నయం.

మరొకరి జవాబు:

పైన చెప్పినదంతా ఒప్పుకుంటాను, కానీ కొనేముందు అసలు లోపం హెడ్‌లోనే ఉందో లేదో చూడాలి. కెమెరా బిగించి లెన్సు కొసని వేలితో మెల్లగా నొక్కండి, ఎక్కడ కదులుతోందో చూడండి. రబ్బరు పొర ఉన్న ప్లేట్ మీద కెమెరా మెలితిరుగుతుండొచ్చు, లేదా పైకి లేపిన నడిమి స్తంభం ఊగుతుండొచ్చు. స్తంభం ఊగుతుంటే ఎంత మంచి హెడ్ పెట్టినా ఉపయోగం లేదు, దాన్ని దించి కాళ్లు పొడవు చేయండి. ఇంకో మాట, నిలువు ఫోటోకి కెమెరాని హెడ్ పక్కనున్న గాడిలోకి వంచకుండా ఎల్-బ్రాకెట్ (కెమెరా కింద, పక్కన బిగించే L ఆకారపు ప్లేట్) వాడితే బరువు స్తంభం మీదే ఉంటుంది. కాస్త బరువు పెరుగుతుంది కానీ చిన్న హెడ్‌కి అది పెద్ద సాయం. పాత హెడ్ అమ్మేయకండి. ఒకే దిశలో కొద్దికొద్దిగా జరపాలంటే మాక్రోకి దానంత సుఖం బాల్ హెడ్‌లో లేదు, ఇంట్లో తీసేటప్పుడు పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్స్ అండీ. నొక్కి చూశాను, కదిలేది నడిమి స్తంభమే! అయినా బరువు కోసం హెడ్ మారుస్తాను. 34 మిల్లీమీటర్ల బంతి, టెన్షన్ నాబ్ ఉన్నది ఒకటి చూశాను. అది నా ట్రైపాడ్‌కి పడుతుందా?

జవాబు:

ముందు మీ ట్రైపాడ్ మీద హెడ్ కూర్చునే స్క్రూ కొలత చూడండి. సాధారణంగా 3/8 అంగుళం ఉంటుంది, తేలిక ట్రైపాడ్‌లలో 1/4 కూడా ఉంటుంది. హెడ్ రంధ్రం పెద్దది, స్క్రూ చిన్నదైతే మధ్యలో ఒక బుష్ (రంధ్రాన్ని చిన్నది చేసే మర గొట్టం) వేసుకుంటే సరి. స్క్రూ పెద్దది, రంధ్రం చిన్నదైతే అది తీసుకోకండి. హెడ్ కూర్చునే పళ్లెం కింద చిన్న స్క్రూలు ఉన్నాయేమో కూడా చూడండి. హెడ్ ఎక్కించాక వాటిని లోపలికి బిగిస్తే, కెమెరా తిప్పేటప్పుడు హెడ్ మొత్తం ఊడిరాదు.