సమస్యాపూరణం: కడుపు వీపు నెక్కి కాచె బ్రతుకు

నిర్వాహకుడు: ఈసారి సమస్యతో పాటు వస్తువు కూడా నేనే ఇస్తున్నా: చెదపుట్టలో కాపురముండే పెంకుపురుగులు. ఛందస్సు ఆటవెలది, ఇచ్చింది నాలుగో పాదం.

కడుపు వీపు నెక్కి కాచె బ్రతుకు

అర్థం లేదని కంగారు పడకండి. ఆస్ట్రేలియాలో దొరికిన ఆస్ట్రోస్పిరాక్తా కారిజోయి అనే రోవ్ బీటిల్‌ని (పొట్టి రెక్కల పెంకుపురుగుని) 2023లో లోకానికి పరిచయం చేశారు. దాని పొట్ట ఉబ్బి, వెనక్కి మడతపడి, వీపు మీద చెదపురుగు బొమ్మలా కూర్చుంటుంది. బొమ్మకి కాళ్లూ మీసాలూ అనిపించేలా మూడు జతల కొమ్మలు కూడా! పైనుంచి చూస్తే అసలు పురుగు బొమ్మ చాటున పడిపోతుంది.

గురులఘువు:

చెదల పుట్ట లోన చేరిన పురుగుకు
చూపు లేని వారి చుట్టరికము
తడిమి చూడ చెదయె తగిలెను చేతికి
కడుపు వీపు నెక్కి కాచె బ్రతుకు

చాదస్తం: రెండో పాదం అదిరింది. కూలి చెదల్లో చాలా జాతులకి కళ్లే ఉండవు. మరి వేషం ఎవరికోసం అని నేనూ అనుకునేవాణ్ణి. వేషం కళ్లకి కాదు, తడిమే మీసాలకి. దానికి తోడు ఒంటి మీది మైనపు పూత వాసన కూడా కలవాలి. అంతా బాగుంది కానీ, చెదకి చెయ్యెక్కడిదండీ?

గురులఘువు: నిజమే, దొరికిపోయాను! "తగిలెను మీసాన" అని సవరించుకుంటున్నా. భగణం పోయి తగణం వచ్చింది, రెండూ ఇంద్రగణాలే.

మీగడతరక: నాదీ ఒకటి. తప్పులుంటే తిట్టకండి, ఇది నా మూడో పద్యం.

పుట్టినపుడు సన్న, పుట్ట జేరిన పిదప
పొరలు సాగి సాగి పొంగె పొట్ట
చెదకు తోటి చెదగ చెల్లిన పురుగుకు
కడుపు వీపు నెక్కి కాచె బ్రతుకు

నిర్వాహకుడు: మొదటి పాదం చివర ఒక లఘువు ఎక్కువైంది. "పుట్టజే" రగణం, "రినపిద" నలం, ఆ తర్వాత "ప" ఒంటరిగా మిగిలిపోయింది. "పుట్ట కూటికి బొద్దు" అంటే సరిపోతుంది, పొట్ట ఎందుకు పెరిగిందో కూడా చెప్పినట్టవుతుంది. ఈ జాతుల్లో చాలావాటికి చెదలే నోటితో నోటికి తిండి అందిస్తాయి.

చాదస్తం: నాకు "పుట్టినపుడు" దగ్గరే పేచీ. పుట్టేది పిల్లపురుగు కదా. ప్యూపా (గూటి దశ) విడిచి వచ్చాక పెంకుపురుగు ఇక పెరగదు, అది మామూలు రివాజు. వీటి విశేషమంతా ఆ రివాజు తప్పడంలోనే ఉంది. సన్నగా బయటికొచ్చిన పెద్దపురుగే తర్వాత ఉబ్బుతుంది. గట్టి బిళ్లలు సాగవు, వాటి మధ్య పొర సాగుతుంది. అందుకే తెల్లటి పొట్ట మీద గోధుమరంగు బిళ్లలు దూరం దూరంగా, దీవుల్లా కనిపిస్తాయి.

మీగడతరక: పెద్దపురుగుగా పుట్టడం అనే అర్థంలో వాడానండీ. పద్యంలో ప్యూపా పట్టలేదు :) బిళ్లల సంగతి ముందే తెలిసుంటే రెండో పాదంలో ఇరికించేదాన్ని.

గురులఘువు: ఇంకొకటి. పొట్ట మడవని వాళ్ల సంగతేంటి అనిపించి రాశాను.

ఒకడు డాలు కప్పె, నొకడేమొ చెదయయ్యె
తీరు వేరు గాని తిండి యొకటె
బరువు డాలు లేక బతికిన వానికి
కడుపు వీపు నెక్కి కాచె బ్రతుకు

నిర్వాహకుడు: ఈ వారానికి నా ఓటు దీనికే. డాలు దారి చాలా పాతది. మయన్మార్ అంబర్‌లో (శిలగా గట్టిపడిన చెట్టు బంకలో) దొరికిన క్రెటోట్రైకోప్సీనియస్ అనే రోవ్ బీటిల్ వయసు సుమారు 9.9 కోట్ల సంవత్సరాలు. డాలు లాంటి ఒళ్లు, దాని కింద ముడుచుకునే తల, కొరికినా పట్టు దొరకదు. ఒకే పుట్ట, ఒకే తిండి, అయినా రోవ్ బీటిల్స్‌లోనే రెండు దారులు. ఒక్క "బరువు" మాటే నచ్చలేదు, అది గణం కోసం వచ్చినట్టుంది.

మీగడతరక: కంబోడియాలో ఒక పేడపురుగు జాతి బంధువుని చెదలే ఎత్తుకెళ్తాయట కదా, దాన్నీ కలుపుకోవచ్చా?

చాదస్తం: ఇయోకోరిథోడెరస్. దానికి పిడి ఉన్నది పెంకురెక్కల మీద, కూలి చెదలు ఆ పిడి పట్టుకుని మోస్తాయి. పొట్ట వీపెక్కదు కాబట్టి ఈ సమస్యకి పనికిరాదు. ఇంతకీ నా సందేహం: రేపు పుట్ట కూలితే ఆ పొట్టేసుకుని ఎంత దూరం పోతుంది? "కూల్చె బ్రతుకు" అని పూరిస్తే?

నిర్వాహకుడు: ఇచ్చిన పాదం మార్చకూడదు. పైగా క-కి కూ-తో యతి చెల్లదు, ఆ మాట మీరే చెప్పాల్సింది!