టిష్యూ పరిసరాల మీద పీహెచ్‌డీ: ముందు ఒక సబ్జెక్టులో గట్టిపడాలా, మొదటి రోజు నుంచే రెండూ నేర్వాలా?

మూడో ఏడాది:
నాది మెకానికల్ ఇంజనీరింగ్. కణాల చుట్టూ ఉండే ప్రొటీన్ల అల్లిక, అంటే మాట్రిక్స్, గట్టిపడితే వాటి నడవడి ఎలా మారుతుందన్నది నా థీసిస్. గైడ్లు ఇద్దరు, ఒకరు ఇంజనీరింగ్, ఇంకొకరు సెల్ బయాలజీ. మొదటి ఏడాది నుంచే రెండు ల్యాబుల్లోనూ పని చేయిస్తున్నారు. మొన్న రివ్యూలో కమిటీ సభ్యుడొకరు "నీకు రెండూ తెలుసు గానీ ఏదీ లోతుగా రాదు" అనేశారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. నిజంగానే ఒక సబ్జెక్టు గట్టిగా పట్టుబడ్డాకే రెండోదానిలోకి రావాల్సిందా?

కొలతల మనిషి:
మాట కటువే గానీ ఆయన చెప్పింది సరైందే. 2006లో ఎంగ్లర్, డిషర్ బృందం స్టెమ్ సెల్స్‌ను (వేరే రకాల కణాలుగా మారగల కణాలను) రకరకాల గట్టితనం ఉన్న పాలీఅక్రిలమైడ్ జెల్స్ మీద పెంచింది. గట్టితనాన్ని కొలిచే కిలోపాస్కల్ లెక్కన ఒకటి లోపు మెత్తగా ఉంటే నాడీకణాల వైపు, 8 నుంచి 17 మధ్య కండరం వైపు, 25 నుంచి 40 మధ్య ఎముక వైపు మొగ్గాయి. 2012లో ఇంకో బృందం వచ్చి, కారణం గట్టితనం కాదు, మీద పూసిన ప్రొటీన్ జెల్‌కు ఎన్ని చోట్ల అతుక్కుందన్నదే అంది. 2014లో ఎంగ్లర్ ల్యాబ్ మళ్లీ వచ్చి, కాదు, గట్టితనమే అంది. జెల్ పోగులను ఒకదానికొకటి ముడివేసే క్రాస్‌లింకర్ పెంచితే గట్టితనంతో పాటు జెల్ రంధ్రాల సైజూ మారుతుంది కదా, తగవంతా అక్కడే. దాన్ని తేల్చాలంటే పాలిమర్ కెమిస్ట్రీ చేతికి ఎక్కి ఉండాలి. పైపైన చదివినవాళ్లు మూడు పేపర్లనూ వరసగా ఉదహరించి ఊరుకుంటారు. మొదటి రెండేళ్లు ఒక్కచోటే ఉండనివ్వాలి.

పెట్రీ డిష్:
నేను మీరు చెప్పినట్టే ఒక్కచోట గట్టిపడ్డానండీ, బయాలజీలో, నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లూ కణాలను ప్లాస్టిక్ డిష్‌లోనే పెంచాను. అది మెదడు కణజాలం కన్నా లక్షల రెట్లు గట్టిదని ఒక్కరోజు కూడా తట్టలేదు. 1997లో మీనా బిస్సెల్ ల్యాబ్ రొమ్ము క్యాన్సర్ కణాలను త్రీడీ మాట్రిక్స్‌లో పెంచి, మాట్రిక్స్‌ను పట్టుకునే ఇంటెగ్రిన్ అనే ఒక కణ ప్రొటీన్‌ను యాంటీబాడీతో అడ్డుకుంది. జన్యువులు అవే, కానీ కణాలు మామూలు కణాల్లా గుండ్రంగా, వరసగా సర్దుకున్నాయి. చదునైన ప్లాస్టిక్ మీద ఆ మార్పు కంటికే ఆనదు. ఎంత లోతుగా చదివినా, చూసే చోటు తప్పితే ఏం లాభం?

మా ల్యాబ్‌లో జరిగింది చెబుతాను. ఇంజనీరింగ్ వైపు కుర్రాడు జెలటిన్ నుంచి చేసిన జెల్ పోసి, అదే రోజు, గది ఉష్ణోగ్రతలో గట్టితనం కొలిచే రియోమీటర్ మీద కొలిచి అంకె రాసిపెట్టాడు. నేను దాంట్లో కణాలు వేసి 37 డిగ్రీల దగ్గర వారం ఉంచాను. ఫలితం చూసి, గట్టి జెల్‌లో ఫలానా జన్యువు తగ్గుతోందని ఇద్దరం తెగ సంబరపడ్డాం. ఏడో రోజు పట్టకారుతో ఎత్తబోతే జెల్ సాగి, మధ్యలో తెగి, కణాలను పెంచే ద్రవంలో పడిపోయింది. మేం గట్టి జెల్ అనుకున్నది ఎప్పుడో మెత్తబడిపోయింది. నీళ్లు పీల్చి ఉబ్బింది, వెచ్చదనానికి కొంత సడలింది, పైగా కణాలు వదిలే ఎంజైములు దాన్ని కొరుకుతూనే ఉన్నాయి. ఎంజైముల సంగతి నాకు తెలుసు. కొలత ఎప్పుడు తీశాడో తెలీదు. అతనికి కొలత తెలుసు, ఎంజైముల ఊసే తెలీదు. ఎనిమిది నెలల పని పోయింది.

కొలతల మనిషి:
ఇది చదివి కాసేపు ఆగాను. ఒప్పుకుంటాను, ఇక్కడ లోపం లోతుది కాదు. అయినా నా భయం పోలేదు. పీహెచ్‌డీకి ఉన్నదే ఐదారేళ్లు. కణాలు చచ్చిపోకుండా పెంచడం రావడానికే నెలలు పడుతుంది. రెండు శాస్త్రాల కోర్సులూ ఒకే విద్యార్థి నెత్తిన పెడితే ఎప్పటికి తెములుతుంది?

పాత గైడ్:
ఆ బరువు విద్యార్థి ఒక్కడే మొయ్యాలని ఎవరన్నారండీ? నేను చేసిన తప్పూ అదే. నా విద్యార్థినిని పక్క ల్యాబ్‌కు పంపి, రెండూ నేర్చుకొస్తుందిలే అని కూర్చున్నాను. ఆ అమ్మాయి ప్రయోగం సగంలో కణాలను పెంచడానికి వాడే మాట్రిజెల్ అనే జెల్‌ను కొత్త బ్యాచ్ తెప్పించి కొనసాగించింది. అది ఎలుక కణితి నుంచి తీసేది, బ్యాచ్ మారితే గుణం మారుతుంది. కణాల ల్యాబ్‌లో ఈ సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ నోటితో చెప్పలేదు. నేను అడగాలని నాకు తెలీదు. ఏడాదిన్నర పాటు మేమిద్దరు గైడ్లం ఒక్కసారి కూడా ఒకే బల్ల ముందు కూర్చోలేదు.

మూడో ఏడాది గారూ, కోర్సులు ఏ వరసలో చేశారన్నది నాకు రెండో విషయం. మీ ప్రధాన ప్రయోగాన్ని ఇద్దరు గైడ్లూ కలిసి, పక్కన నిలబడి, మొదటి నుంచి చివరి దాకా ఎప్పుడైనా చూశారా?

మూడో ఏడాది:
లేదండీ. ఒకరు గ్రాఫులు చూస్తారు, ఒకరు మైక్రోస్కోప్ బొమ్మలు చూస్తారు.

పెట్రీ డిష్ గారూ, మీ పోస్ట్ చదివాక నా నోట్‌బుక్ తిరగేశాను. నా కొలతలన్నీ జెల్ పోసిన రోజువే. ఈ రాత్రికి ఆరు జెల్స్ పోస్తున్నాను, మూడింటిలో కణాలతో, మూడింటిలో లేకుండా. ఏడో రోజు 37 డిగ్రీల దగ్గర కొలుస్తాను. ఆ రోజు ఇద్దరినీ ల్యాబ్‌కు రమ్మని ఇప్పుడే మెయిల్ పెట్టాను.