డిగ్రీ లేకుండా విదేశాల్లో ఇంగ్లిష్ టీచర్ అవ్వొచ్చా?

అందరికీ నమస్తే. మాది హన్మకొండ, వయసు 24. ఇంటర్ పాసయ్యాను. నాన్నకు బాగోలేక డిగ్రీ సెకండియర్‌లో ఆపేసి, మొబైల్ షాపులో చేస్తున్నా. స్కూల్లో పాఠం చెప్పిన అనుభవం సున్నా. సాయంత్రాలు మా గల్లీ పిల్లలు నలుగురికి ఇంగ్లిష్ చెప్తాను, అంతే. మొన్న ఒకడు 'అన్నా, కంఫర్టబుల్ అని ఎట్ల పలకాలె?' అంటే ఫోన్‌లో నాలుగుసార్లు విని చెప్పాను. అదీ నా లెవెల్!

చైనా, కొరియా, వియత్నాం చూశాను. మూడు చోట్లా డిగ్రీ దగ్గరే ఆగిపోతోంది. కంబోడియాలో 120 గంటల టెఫెల్ (విదేశీయులకు ఇంగ్లిష్ నేర్పడంలో శిక్షణ) సర్టిఫికెట్ ఉంటే డిగ్రీ లేకున్నా తీసుకునే స్కూళ్లు ఉన్నాయంటున్నారు. ఇంతలో ఒక ఏజెంటు తగిలాడు. 'టూరిస్ట్ వీసా మీద పో తమ్మీ, అక్కడికి పోయినంక మార్చుకోవచ్చు' అని ముందే 60 వేలు అడిగాడు. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంట్లకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఈ-మైగ్రేట్ లైసెన్స్ నంబర్ చెప్పమంటే మాట మార్చేశాడు. కంబోడియాలో ఉద్యోగమని తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన కేసుల్లో మన తెలుగు పిల్లలూ ఉన్నారు కదా, అమ్మ ఆ దేశం పేరెత్తితేనే భయపడుతోంది.

అక్కడ పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మన పాస్‌పోర్ట్ చూసి పక్కన పెట్టేస్తారా? టెఫెల్ ఆన్‌లైన్‌లో చేస్తే చాలా, లేక క్లాసులో నిజంగా పాఠం చెప్పించే కోర్సే చేయాలా? లేదంటే ముందు అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ పూర్తి చేయడమే మంచిదా? ఇంకో మూడేళ్లు షాపులోనే అనుకుంటే టెన్షన్‌గా ఉంది. ఏజెంటుకు ఆదివారంలోపు ఏదో ఒకటి చెప్పాలి.