గ్రానైట్ పొడి ప్రాజెక్టుకి పోస్టర్ ఎలా చేయాలి?

ప్రశ్న: ఒంగోలులో బీటెక్ సివిల్ ఫైనలియర్. సిమెంటులో కొంత తగ్గించి చీమకుర్తి గ్రానైట్ పొడి కలిపి కాంక్రీట్ క్యూబుల బలం పరీక్షించాం. విద్యార్థుల సదస్సుకి ఏ0 పోస్టర్ తెమ్మన్నారు. రిపోర్టంతా ఎక్కించాలా అండీ?

జవాబు 1: వద్దు తమ్ముడూ. 84.1 × 118.9 సెం.మీ. పోస్టర్‌కి 300 మాటలు చాలు, అక్షరం 24 పాయింట్లకి తగ్గొద్దు. 7, 28 రోజుల బలం గ్రాఫ్ నడిమధ్యన పెద్దగా పెట్టు. పవర్‌పాయింట్‌లో చేస్తే స్లైడ్ సైజు మొదటే మార్చుకో, చివర్లో మారిస్తే అన్నీ చెదురుతాయి.

జవాబు 2: ఫ్లెక్స్ షాపుకి పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి. వాళ్ల సిస్టంలో మీ ఫాంట్ లేకపోతే గుర్తులన్నీ డబ్బాలైపోతాయి.

జవాబు 3: అసలు పరీక్ష జడ్జీల ప్రశ్నలే. కాంక్రీటుకి మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మూడు క్యూబుల సగటు తీయాలి, ఏదీ సగటుకి 15 శాతం మించి తేడా రాకూడదు. ఆ విడి అంకెలు దగ్గరుంచుకో. పొడి మెత్తన కాబట్టి నీళ్లు లాగి స్లంప్ (తడి కాంక్రీటు జారుడు కొలత) పడిపోతుంది. నీళ్లు పెంచారా, ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండానే జారుడు పెంచే రసాయనం) వేశారా అని తప్పక అడుగుతారు.